వెల్లుల్లి వాసన లేని పాలు

గోవిందరావు వర్కుషాపు నుంచి వచ్చి చొక్కా విప్పి మేకుకు తగిలిస్తే, వాళ్ళమ్మ జోగమ్మ ముందు ఆ చొక్కాను పలకరించేది, తరవాత కొడుకును. చంక దగ్గర చెమటకు తడిసిన మడతను ముక్కుకు ఆనించి ఒక్క పీల్పు పీల్చేది.

"ఈయేల మజ్జానం క్యాంటీనుకి ఎల్లినావు. ఉల్లిపాయ పకోడీ తిన్నావు. రెండు పొట్లాలు తిన్నావు."

"రెండేటమ్మా, ఒకటే పొట్లం."

"అయితే పక్కోడి పొట్లంలోనూ సెయ్యెట్టినావు."

గోవిందరావు చెంబు తీసుకుని కుళాయి దగ్గరికి పోయేవాడు. పక్కవాడి పొట్లంలో చెయ్యి పెట్టిన మాట నిజమే మరి.

ఖరగ్‌పూర్‌లో పూరీ గేటు దగ్గర మా రైల్వే క్వార్టర్ల వరసలో జోగమ్మ ముక్కు సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆవిడ పెనిమిటి బాయిలర్లు బాగుచేసే షెడ్డులో పనిచేసి పోయాడు. ఆ కాలంలో ఆయన చెమటలోంచి బొగ్గుమసి వాసనను, నూనె వాసనను పక్కకు నెట్టి, అడుగున ఉన్న తిండి వాసనను పట్టుకోవడం ఆవిడకు అలవాటయిందట. ఆవిడ సిద్ధాంతం ఒకటే. "మడిసి ఒళ్ళు మట్టికుండమ్మా. లోపల ఏటి పోత్తే బయటికి అదే సెమరుద్ది. సెమటవనీ, ఉచ్చవనీ, నోటి నీరవనీ." ముందురోజు మెంతికూర తిన్నవాళ్ళను, ఎండుచేపలు తిన్నవాళ్ళను, ఇంగువ చారు తాగినవాళ్ళను పొద్దున్నే కుళాయి దగ్గర వరసలో నిలబెట్టి మరీ చెప్పేసేది. ఆడవాళ్ళు నవ్వుకుంటూ బిందెలు అడ్డం పెట్టుకునేవాళ్ళు. బిందె వాసనకు అడ్డమా?

అదంతా ఎగతాళి కోసమే అనుకుంటే పొరపాటు. ఒకసారి పక్క వరసలో ఉండే సుజాతమ్మ నీళ్ళకు వచ్చింది. మామూలుగానే నవ్వుతూ మాట్లాడుతోంది. జోగమ్మ ఆవిడ పక్కనే నిలబడి కూడా ఆ పూట నోరెత్తలేదు. ఇంటికి వెళ్ళి, గిన్నెనిండా చద్దన్నం, మీద వెల్లుల్లి కారం వేసి, కొంగు కప్పి తీసుకుపోయి ఆవిడ వంటింట్లో పెట్టింది. "ఖాళీ కడుపుక్కూడా ఓ వాసనుంటాదమ్మా. నోట్లోంచి తెలిసిపోద్ది. తిను," అని వచ్చేసింది. సుజాతమ్మ భర్త జబ్బుపడి ఆ ఇంట పొయ్యి వెలగని సంగతి ఎవరూ చెప్పకుండా ఆవిడకు అలా తెలిసింది.

ఇక వెల్లుల్లి. జోగమ్మకు దేవుడి తరవాత దేవుడంతటిది వెల్లుల్లి. పచ్చడిలో వెల్లుల్లి, పప్పులో వెల్లుల్లి, చద్దన్నంలోకి పచ్చి వెల్లుల్లి రెబ్బ. సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఒలుస్తూ ఉంటే గాలికి ఆ పొట్టు మా అందరి గుమ్మాల ముందుకూ వచ్చేది. అందుకే ఆవిడ మొక్కు సంగతి విన్నప్పుడు మేమంతా ముక్కున వేలేసుకున్నాం.

కోడలు నూకాలమ్మ కాపురానికి వచ్చి చాలా ఏళ్ళయినా కడుపు పండలేదు. నెమ్మదైన మనిషి. నవ్వితే కళ్ళతో నవ్వుతుంది. అత్త ఒక్క మాట కూడా అనలేదు. సింహాచలం కొండ నుంచి తెచ్చుకున్న అప్పన్న పటం ముందు నిలబడి మాత్రం ఒకరోజు గట్టిగానే అంది, గోడవతల వాళ్ళకు కూడా వినబడేలా.

"తండ్రీ, జుట్టిచ్చేవోళ్ళు జుట్టిత్తారు, కోడెనిచ్చేవోళ్ళు కోడెనిత్తారు. నా కాడేటుంది? నాకు పేనమయింది ఎల్లుల్లి. నా కోడలికి ఓ నలుసునియ్యి. ఆ యేడు కార్తీకం నెలంతా నా ఇంట్లో ఎవుల నోటా ఎల్లుల్లి గానీ నీరుల్లి గానీ పడనియ్యను. ఇది నా మాట."

అప్పుడు ఆ ఇంట్లో ఉన్న నోళ్ళు మూడు. నాలుగో నోటి కోసమే మొక్కుతూ, ఆ నాలుగో నోరు కార్తీకం నాటికి ఏం తాగుతూ ఉంటుందో ఆవిడ ఆలోచించలేదు. మొక్కేటప్పుడు ఎవరం మాత్రం ఆలోచిస్తాం?

స్వామి విన్నాడు. శ్రావణమాసం వానల్లో ఆడపిల్ల పుట్టింది. ఆయన పేరే పెట్టి సింహాచలం అన్నారు, ముద్దుకు సిమ్మాలు. ఆ రోజునుంచి జోగమ్మ కాయం దంచడం మొదలుపెట్టింది. శొంఠి, పిప్పళ్ళు, వాము, మెంతులు, బెల్లం, నెయ్యి, వీటన్నిటినీ మించి వెల్లుల్లి వేసి, మెత్తగా దంచి ముద్దలు చేసి బాలింతకు పొద్దునొకటి, రాత్రొకటి పెట్టేది. అన్నంలోకి వెల్లుల్లి కారం సరేసరి.

"అత్తా, నాను బాలింతనేటి, ఆవకాయ జాడీనేటి?" అనేది నూకాలమ్మ.

"నోరు మూసుకుని తినే. నీ నోట్లో పడితే దాని నోట్లో పడినట్టే."

పడింది కూడా. సిమ్మాలు పాలు లాగుతుంటే ఆ గుటకల చప్పుడు పక్కింటి బంగాళీ ఆవిడ ప్రతిమా దీదీకి వినబడేది. ప్రతిమా దీదీ భర్త గూడ్సు బళ్ళకు గార్డు. ఆయన బండెక్కితే ఎప్పుడు దిగుతాడో తెలియదు. పిల్లలు లేని ఆవిడ రోజులో సగం జోగమ్మ గుమ్మంలోనే గడిపేది. రెండిళ్ళకూ కలిపి ఒకటే బట్టల తాడు. వాన వచ్చినప్పుడు ఎవరు ముందు చూస్తే వాళ్ళు రెండిళ్ళ బట్టలూ తీసేవాళ్ళు.

అలాంటి ఒక వానపూట పిల్ల గుడ్డలు పోగుచేసుకుని లోపలికి వస్తూ, ప్రతిమా దీదీ ఉన్నట్టుండి ఒక తడిగుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఓ మా! మాశీమా! ఎ కీ మిష్టి గంధో! తుమారా బాచ్చా పిషాబ్ కర్తా హై, యా నొలేన్ గుడ్ బనాతా హై?"

మాశీమా అంటే పిన్నిగారు, నొలేన్ గుడ్ అంటే చలికాలంలో బంగాళీలు ఇష్టంగా తినే ఈతబెల్లం. మీ పాప ఉచ్చ పోస్తోందా, బెల్లం పాకం కాస్తోందా అని ఆవిడ అడుగుతోంది. జోగమ్మ గుడ్డ లాక్కుని వాసన చూసింది. నిజమే. అచ్చం బెల్లం పాకం మాడబోతున్న వాసన. ఆవిడ మొహం పాలిపోయింది. ఉచ్చకు చీమలు పట్టడం, తీపిజబ్బు, పెద్దవాళ్ళు ఎండిపోవడం, ఇవన్నీ ఆవిడ చూసింది. ఆ గుడ్డ పట్టుకెళ్ళి పెరటి గోడ వెంట పోతున్న ఎర్రచీమల బారుకు అడ్డంగా పరిచి, పీట వేసుకుని కూర్చుంది. గొడుగు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అప్పన్నకు దణ్ణం పెడుతూనే ఉంది. చీమలు గుడ్డ ఎక్కాయి, గుడ్డ దిగాయి, తమ దారిన తాము పోయాయి. ఒక్కటి ఆగలేదు.

"సీమ కూడా ఆగనేదు! తీపి కాదు, ఉత్త వాసనే!" అని కేకవేస్తూ లోపలికి వచ్చి కోడలి మెడ దగ్గర చెమట వాసన చూసింది. అక్కడా అదే పాకం. "మెంతులే! నీ కాయంలో మెంతులే, దాని గుడ్డలోకి దిగినాయి. ఒలమ్మో, ఎంత బయపెట్టేసినావే దీదీ!"

ప్రతిమా దీదీకి సగమే అర్థమయింది గానీ పూర్తిగా నవ్వింది. ఆ రోజునుంచి సిమ్మాలును 'గుడ్ బుడీ', బెల్లం అవ్వ అని పిలిచేది.

కార్తీకం వచ్చింది. పాడ్యమి ముందురోజే జోగమ్మ ఇల్లు తుడిచి, వెల్లుల్లి బుట్ట, మిగిలిన కాయం ముద్దలు, కారం సీసా అన్నీ ప్రతిమా దీదీ ఇంటికి చేరేసింది. రోలు, పొత్రం చింతపండుతో తోమింది. పొద్దున్నే దీపం, సోమవారాలు చుక్క పొడిచేదాకా ఉపవాసం. తన కడుపు సంగతి సరే, అసలు కాపలా కొడుకుకు పడింది.

మూడోనాడే దొరికిపోయాడు గోవిందరావు. వర్కుషాపులో ఎవరో తోటివాడు కోడిగుడ్ల కూర తెస్తే కాదనలేకపోయాడు. సోపు నమిలాడు, కిళ్ళీ వేసుకున్నాడు, ఎర్ర సబ్బుతో రెండుసార్లు ఒళ్ళు రుద్దుకుని, చొక్కా కూడా తనే ఉతుక్కుని ఆరేశాడు. మర్నాడు తెల్లవారి జోగమ్మ వాడు పడుకుని లేచిన బనీను చేత్తో పట్టుకుని వచ్చింది.

"నోరు కడిగినావు, ఒళ్ళు కడిగినావు. రాతిరంతా పట్టిన సెమటని ఎలా కడుగుతావురా? గుడ్డు. ఎల్లుల్లి మసాలా. ఎవుడి పెళ్ళామో గానీ మంచి వంటకత్తె, దనియాలు బాగా ఏపింది."

"అమ్మా, నీ ముక్కుకి ఎర్రజెండా ఊపినా ఆగదేటే?"

"అప్పన్న సూత్తే ఆగుతాడేటి? పో, మళ్ళీ తానం సెయ్యి. నూటెనిమిదిసార్లు నారసింహా అను."

అన్నాడు పాపం. స్నానాల గదిలోంచి వణుకుతూ వచ్చే ఆ నారసింహా నామం మా వరసంతా విన్నాం.

ఇలా ఇల్లంతా నియమంగా సాగుతున్న రోజుల్లోనే సిమ్మాలు పాలు మానేసింది.

మొదట ఒక పూట తల తిప్పుకుంది. ఆకలి లేదేమో అనుకున్నారు. మరుపూట రొమ్ము దగ్గరికి తెస్తే నోట పట్టి, వదిలేసి, మోసపోయినదానిలా గుక్కపెట్టింది. నిద్రమత్తులో ఉన్నప్పుడు కాస్త తాగేది, మెలకువ రాగానే ఉమ్మేసేది. ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పోస్తే పెదాల చివరనుంచి కారిపోయేవి. జోగమ్మ ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది, మిరపకాయలు తిప్పింది, పాత చీపురు తిప్పింది. రైల్వే ఆసుపత్రిలో డాక్టరుగారు ఎంతో ఓపికగా గొంతు, చెవులు, కడుపు చూసి, జబ్బేమీ కనబడలేదు, పట్టు వదలకుండా పట్టిస్తూ ఉండండి, బరువు తగ్గితే మళ్ళీ తీసుకురండి అన్నారు. పిల్ల బుగ్గలు జారడం కంటికే తెలుస్తోంది. నూకాలమ్మకు రవిక ముందంతా తడిసిపోయేది. పాలు గడ్డకట్టి జ్వరం తగిలేది. గోడకు తిరిగి ఏడ్చేది.

"నా పాలే దానికి గిట్టనేదత్తా. నానేటి పాపం సేసినాను?"

"నువ్వేటి సేత్తావే? సెయ్యని పాపం నెత్తినేసుకోకు," అనేది జోగమ్మ. మేకుకు ఉన్న చొక్కా వాసన చూడ్డం కూడా మరిచిపోయింది ఆవిడ. ఇల్లంతా పదిరోజులుగా ఒకే వాసన, పప్పు, నెయ్యి, కర్పూరం. ఒక్కటే వాసన ఉన్నచోట ఎంతటి ముక్కయినా నిద్రపోతుంది.

ఆ సోమవారం మధ్యాహ్నం ప్రతిమా దీదీ ఆరిన గుడ్డలు మడతపెట్టి తెచ్చింది. కూర్చోకుండా, కొంచెం సందేహిస్తూ అంది.

"మాశీమా, గుడ్ బుడీ కాపొడ్ మే అబ్ గుడ్ వాస్నా నహీ ఆతా. బిల్కుల్ నహీ."

గుడ్డల్లో బెల్లం వాసన పోయిందట. ఉపవాసంతో నీరసంగా పడుకున్న జోగమ్మ, "కాయం మానేసినాం గదే. మెంతులు నేవు," అంది, అంతే. ప్రతిమా దీదీ ఇంటికి వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో గోరువెచ్చటి నూనె గిన్నె. చలి మొదలయింది, పిల్ల నీరసించింది, పాదాలకూ గుండెకూ రాస్తే మంచిదని వాళ్ళ అలవాటు ప్రకారం ఆవనూనెలో నల్లజీలకర్ర వేసి కాచి తెచ్చింది. పిల్లను కాళ్ళమీద పడుకోబెట్టుకుని పాదాలకు రాసింది, పొట్టకు రాసింది. ఛాతీకి రాయబోతుండగా సిమ్మాలు ఆవిడ బొటనవేలు రెండు చేతులా పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

చీకింది. ఆగకుండా చీకింది. వదిలించుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటే మెడ సాచి, నోరు తెరిచి ఆ చెయ్యి ఎటు పోతే అటు తల తిప్పింది.

"అరే! అరే! ఖూబ్ ఖిదే!" ఎంత ఆకలో అంటోంది ఆవిడ.

నూకాలమ్మ లేచి కూర్చుంది. జోగమ్మ అప్పటికే మంచం దిగి, ప్రతిమా దీదీ మణికట్టు పట్టుకుని వేళ్ళు వాసన చూస్తోంది.

"దీదీ, ఇందులో ఏటేసినావు?"

"కాలో జీరే... ఔర్..." ప్రతిమా దీదీ నాలిక కరుచుకుంది. "రొశున్. మాశీమా, మై భూల్ గయీ! రొశున్ దియా."

రొశున్ అంటే వెల్లుల్లి. వీళ్ళింట్లో మొక్కు నడుస్తోందన్నది మరిచిపోయి నాలుగు రెబ్బలు చితక్కొట్టి వేసింది. పాపం, ఆవిడ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. జోగమ్మ ఆ చేతిని అలాగే పట్టుకుని, నెమ్మదిగా పిల్ల నోటి దగ్గరికి తెచ్చింది. పిల్ల పట్టుకుంది. కొంచెం దూరం జరిపింది. పిల్ల మెడ అటే సాగింది. తరవాత కోడలి రవిక అంచు ముక్కుకు ఆనించుకుంది. పాలవాసన, పచ్చి పాలవాసన, ఇంకేమీ లేదు.

"ఓరి నా ముక్కు కాలిపోను," అంది జోగమ్మ నెమ్మదిగా. "పుట్టిన కాణ్ణించి ఎల్లుల్లి పాలే తాగింది గదే ఇది! దానికి అమ్మంటే ఆ వాసనే. నీ ఒంట్లోంచి ఆ వాసన తీసేసి, ఇదే మీ అమ్మ, తాగు అంటే ఎలా తాగుతాది?"

"మరయితే..." నూకాలమ్మ ఆ మాట పూర్తిచెయ్యలేదు. చేసే ధైర్యం ఎవరికీ లేదు. పటంలోంచి అప్పన్న చూస్తున్నాడు. కార్తీకం ఇంకా సగం కూడా కాలేదు.

జోగమ్మ చెప్పుల్లేకుండానే రామమందిరానికి బయలుదేరింది. మందిరం వెనకనే పూజారి సోమయాజులుగారి ఇల్లు. ఆయన అరుగుమీద పత్తి ఏకుతున్నారు, ఆయన భార్య బాలాంబగారు వత్తులు చేస్తున్నారు.

"పంతులు బాబూ, మొక్కు సగంలో ఆపితే ఏటవుద్ది?"

"ఆపకూడదమ్మా. ఏం వచ్చింది నీకిప్పుడు?"

జోగమ్మ నిలబడే అంతా చెప్పింది. సోమయాజులుగారు దయగల మనిషే గానీ పుట్టి బుద్ధెరిగి వెల్లుల్లి ముట్టుకున్నవారు కారు. పత్తి పక్కన పెట్టి ఆలోచించారు.

"వెల్లుల్లికీ పాలకూ ఏమిటమ్మా సంబంధం? ఏం తిన్నా పాలు పాలే కదా."

బాలాంబగారు వత్తి చేస్తూనే అన్నారు. "మొన్న మన ఆవు కంచె దాటి వేపరెమ్మలు మేసి వస్తే, ఆ పూట పాలు చేదని మీరే గ్లాసు పక్కన పెట్టలేదూ?"

"అవునవును. పెట్టాను." ఆయన గడ్డం గోక్కున్నారు. "అయినా మొక్కు విషయం. శాస్త్రం చూడాలి. రేపు పొద్దున్నే చూసి చెబుతానమ్మా."

"రేపటిదాకా పిల్ల ఏం తాగుతుందండీ?" అన్నారు బాలాంబగారు.

సోమయాజులుగారు భార్యవైపు చూశారు. ఆవిడ తల ఎత్తలేదు, వత్తి మాత్రం చేతిలో ఆగిపోయింది. ఆయన కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు.

"మొక్కుకున్నది ఎవరు జోగమ్మా?"

"నానే బాబూ."

"పిల్ల కాదు కదా. పిల్ల తల్లి కూడా కాదు కదా. అయితే ఆయనతో చెప్పుకోవలసింది నువ్వే. ఇచ్చినవాడూ ఆయనే. మధ్యలో నేనెవర్ని? వెళ్ళు తల్లీ, ముందు పిల్ల సంగతి చూడు."

జోగమ్మ దణ్ణం పెట్టి మెట్లు దిగుతుంటే బాలాంబగారు వెనకనుంచి పిలిచారు. ఒక చిన్న ఇత్తడిగిన్నెలో ఆవునెయ్యి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు.

"వేయించడానికి. పచ్చిది బాలింతకు వేడి చేస్తుందేమో." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "గిన్నె మాత్రం నీ దగ్గరే ఉంచుకో. మళ్ళీ తేవద్దు," అన్నారు.

జోగమ్మకు ఆ మాటకు నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. ఇంట్లోకి రానివ్వని వెల్లుల్లికి తన ఇంటి నెయ్యిని తోడిచ్చిన ఇల్లాలు! ఇలాంటివాళ్ళ చేతులు చల్లగా ఉండాలి.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని పటం ముందు నిలబడింది.

"అప్పన్న తండ్రీ, మొక్కింది నాను. నోరు నాది. నా నోరు ఎల్లినంత మేర మొక్కాలి గానీ, కోడలి నోరూ, ఈ పసిగుంట నోరూ కట్టెయ్యడానికి నానెవుర్ని? ఆ ఇద్దర్నీ ఒగ్గేయి. బదులుకి నాను ఈ ఒక్క కార్తీకవేటి, బతికున్నన్నాళ్ళూ కార్తీకవంతా ముట్టను. కోపవొత్తే నామీదికి రా. గుంటమీదికి రాకు."

తరవాత ప్రతిమా దీదీ గుమ్మంలోకి వెళ్ళి తను దాచమని ఇచ్చిన బుట్టలోంచి దోసెడు వెల్లుల్లి తెచ్చుకుంది. తనే ఒలిచింది. తనే నేతిలో వేయించింది. ఉప్పూ కారం వేసి దంచి, వేడన్నంలో కలిపి, ఉపవాసం ఉన్న చేత్తో ముద్దలు చేసి కోడలి నోట్లో పెట్టింది. ఆ వాసనకు జోగమ్మ నోట్లో నీళ్ళూరడం అప్పటికి అక్కడ చేరిన మేమంతా చూశాం. కొంగుతో తుడుచుకుంది.

ఇక ఎదురుచూపు. తిన్న వెంటనే పాలలోకి దిగదు కదా. జోగమ్మ కోడలి ముందు పీట వేసుకుని, ప్లాట్‌ఫారం మీద ఆలస్యమైన ప్యాసింజరు కోసం చూసేవాళ్ళలా కూర్చుంది. కాసేపటికోసారి లేచి నోటి దగ్గర వాసన చూసేది.

"నోట్లోకి వొచ్చినాది. ఇంకా మెడకి రానేదు."

వర్కుషాపు సైరను మోగింది. గోవిందరావు వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఇల్లంతా నేతిలో వేగిన వెల్లుల్లి వాసన. తన ముక్కును తనే నమ్మలేక తల్లి మొహం చూశాడు. నూకాలమ్మ జరిగిందంతా చెప్పింది. వాడు అంతా విని, పటానికి దణ్ణం పెట్టి, చొక్కా విప్పుతూ మెల్లగా అడిగాడు.

"అయితే అమ్మా, నాక్కూడా సెలవేనేటి?"

"నీకు పాలొత్తన్నాయేట్రా?"

"అహ, ఊరికే అడిగినాను."

"ఊరికే అడిగితే ఊరికే ఇనుకో. నువ్వు మొక్కులోనే ఉన్నావు."

ప్రతిమా దీదీ పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది. నూకాలమ్మ కూడా, ఎన్నాళ్ళకో, కళ్ళతో నవ్వింది. జోగమ్మ మాత్రం నవ్వలేదు. లేచి కోడలి మెడ వంపు దగ్గర, చెవి వెనక, చెమట చిన్నగా పట్టినచోట ముక్కు పెట్టింది. ఈసారి చాలాసేపు పెట్టింది.

"దిగినాది," అంది. "ఎత్తుకో గుంటని."

సిమ్మాలు నిద్రలో ఉంది. నూకాలమ్మ ఎత్తుకుంటుంటే ప్రతిమా దీదీ పిల్ల కింద చెయ్యి ఆనించింది. పిల్ల మొహం రొమ్ముకు తగిలింది. కళ్ళు తెరవలేదు. ముక్కు మాత్రం చిన్నగా కదిలింది, ఏదో వెతుకుతున్నట్టు అటూ ఇటూ తల కదిపింది. ఒకసారి పట్టుకుంది, వదిలింది. గోవిందరావు గోడవైపు తిరిగిపోయాడు. మళ్ళీ పట్టుకుంది.

గుటక వినబడింది. ఇంకోటి. తరవాత లెక్కే లేదు, ఊపిరి ఆడకుండా, చెమట పట్టేలా, చిన్న పిడికిలితో తల్లి రవిక పట్టుకుని తాగుతూనే ఉంది. తాగుతూ తాగుతూ కళ్ళు తెరిచి, ఇన్నాళ్ళు ఎక్కడికి పోయావన్నట్టు తల్లి మొహంలోకి చూసింది. నూకాలమ్మ గట్టిగా ఏడ్చేసింది. ఎవరూ ఆపలేదు.

బయట చీకటి పడింది. మా వరసలో ఆడవాళ్ళంతా గుమ్మాల ముందు దీపాలు పెట్టి, ఆకాశం చూసి, ఉపవాసాలు విడుస్తున్నారు. జోగమ్మ ఇంకా పీటమీదే ఉంది. పొద్దుటినుంచి పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"అత్తా, సుక్క పొడిసేసుంటాది. లెగు, దీపమెట్టి నాలుగు మెతుకులు తిను," అంది నూకాలమ్మ ముక్కు చీదుకుంటూ.

"ఉండే. సుక్కెక్కడికీ పోదు," అంది జోగమ్మ, పిల్ల గొంతు దగ్గర గుటక కదలడం చూస్తూ. "దాన్ని రెండో పక్కకి మార్చు."